పదమూడు తుమ్ములు

మన ఫార్మసిస్టును పోయినవారం మాస్టారి గుమ్మం ముందు, కాలింగ్‌బెల్ మీద వేలు పెట్టించి వదిలేశాం. పాపం, వారం రోజులుగా ఆ ఎండలోనే నిలబడి ఉందనుకోండి. ఆమె చేతిసంచిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటుంది. అందరూ ముంగి అని పిలిచే మనిషిని బృందంలోంచి తీసెయ్యాలని అందులో రాసింది. కింద తన సంతకం అయిపోయింది. పక్కన మాస్టారి సంతకం కూడా పడితే ముంగి కథ ముగిసినట్టే. కంప్యూటర్లలో పుట్టి కంప్యూటర్లలోనే పెరిగిన పనికి ఈ కాగితమేమిటని నవ్వకండి. కాగితం చేతికిస్తే తప్ప మాస్టారు దేన్నీ పట్టించుకోరు, అది ఆయన పద్ధతి.

కొత్తగా చేరిన పాఠకుల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు వెళ్దాం. మాస్టారు కాలేజీలో ఫిజిక్సు ల్యాబు నడిపి రిటైరైన మనిషి. చిన్నపిల్లలకి డ్రిప్ పెట్టేటప్పుడు, పిల్లల బరువును బట్టి అది ఎంత వేగంగా ఎక్కాలో లెక్కగట్టే ప్రోగ్రాం ఒకటి ఆరేళ్ల కిందట మొదలుపెట్టారు. దాన్ని ఎవరూ కొనక్కర్లేదు. ఎవరైనా విప్పి లోపల ఏముందో చూడొచ్చు, చేతనైతే దిద్దొచ్చు. అలా ఒకరి మొహం ఒకరు చూడని పాతికమంది ఎవరిళ్లలో వాళ్లు కూర్చుని, ఇష్టం కొద్దీ పనిచేస్తున్నారు. ఎవరు ఏ చిన్న మార్పు చేసినా మూడువందల నలభై టెస్టులు వాటంతటవే నడుస్తాయి. ఒక్కో టెస్టు ప్రోగ్రాం ముందు ఒక్కో చిక్కు పెట్టి, జవాబు సరిచూస్తుంది. సరిపోతే పచ్చ గుర్తు, తప్పితే ఎర్ర గుర్తు. ఆపైన ఇంకొకరు ఆ మార్పు చదివి "చూశాను" అని రాస్తేనే అది లోపలికి వెళ్తుంది.

అయితే ఒక్కోసారి ఏ మార్పూ చేయకుండానే ఏదో ఒక టెస్టు ఎర్రబడేది. మళ్ళీ నడిపితే బుద్ధిగా పచ్చబడేది. దానికి వాళ్ళలో వాళ్ళు తుమ్ము అని పేరు పెట్టుకున్నారు. తుమ్మిందిలే, మళ్ళీ నడుపు అనడం అందరికీ అలవాటైపోయింది. అన్నిటికంటే ఎక్కువ తుమ్మేది రెండువందల పద్నాలుగో టెస్టు.

ఇక అసలు సంగతి. రేపు సోమవారం పొద్దున పది గంటలకి, ఫార్మసిస్టు పనిచేసే ఆసుపత్రిలో పిల్లల వార్డు కాగితాలు పక్కనపెట్టి ఈ ప్రోగ్రాంనే నమ్ముకోబోతోంది. ఇరవై రెండు మంచాలు. ఆ వార్డు హెడ్‌నర్సు ఎవరో కాదు, ఫార్మసిస్టుకి సొంత అక్క. డాక్టర్లతో ఆరునెలలు పోట్లాడి ఒప్పించింది. తనకి కంప్యూటర్లు తెలియవనీ, చెల్లెలికి తెలుసుననీ, చెల్లెలు సరేనంటే తనకీ సరేననీ అందరిముందూ చెప్పింది. ఆ సరే అనాల్సిన చెల్లెలికి మూడు రోజులుగా అన్నం సహించడం లేదు.

తలుపు తీసింది మాస్టారి భార్య. ఆదివారం పూట కూడా ఆ డబ్బాల ముందునుంచి లేవడం లేదమ్మా, మధ్యాహ్నం సరిగ్గా భోంచేయలేదు, నువ్వైనా చెప్పు అంది. మామూలుగా అయితే ఫార్మసిస్టు ముందు వంటింట్లోకి వెళ్లి ఆవిడతో పది నిమిషాలు కబుర్లు చెప్పి, తర్వాత మాస్టారి దగ్గరికి వచ్చేది. ఇవాళ చెప్పులు విప్పి నేరుగా ముందుగదిలోకి నడిచింది.

ఆ గదికి ల్యాబు వాసన ఇంకా పోలేదు. కాలేజీవాళ్ళు పారేస్తుంటే తెచ్చుకున్న పొడుగాటి చెక్కబల్ల, దానిమీద మూడు పాత కంప్యూటర్లు, వాటి వేడికి ఎప్పుడూ తిరుగుతుండే టేబుల్‌ఫ్యాను. టెస్టులన్నీ నడిచేది ఈ మూడిటి మీదే. మాస్టారు ఆమెను చూడగానే ముందున్న కాగితాల కట్టను బోర్లించి, దానిమీద కళ్లద్దాల పెట్టె పెట్టారు. ఆయనకి దాచడం చేతకాదు. ఇంత దాచడం ఆమె ఎప్పుడూ చూడలేదు కూడా.

ఆమె కూర్చోలేదు. నిలబడే చెప్పడం మొదలుపెట్టింది. ఎనిమిది వారాల కిందటిదాకా ఆ రెండువందల పద్నాలుగు వారానికి నాలుగైదుసార్లు తుమ్మేది. ఉన్నట్టుండి మానేసింది. ఎవరూ దానికి మందు వెయ్యలేదు, మరి జలుబు ఎలా తగ్గింది? సరిగ్గా ఆ వారమే ముంగి వచ్చి చేరాడు. పేరు చెప్పడు, ఊరు చెప్పడు, రెండు ముక్కలకి మించి రాయడు. అందుకే అందరూ ముంగి అని పిలవడం మొదలుపెడితే దానికీ ఏమీ అనలేదు. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకీ రెండింటికీ మధ్య వస్తాడు, ఆ ఒక్క టెస్టునే పదేపదే నడుపుతాడు, వెళ్లిపోతాడు. మిగతా మూడువందల ముప్ఫై తొమ్మిదీ వాడికి కంటికి ఆనవా? పైగా ఎప్పుడూ రెండు సెకన్లలో ముగిసే ఆ టెస్టు ఈమధ్య అప్పుడప్పుడు నాలుగు సెకన్లు తీసుకుంటోంది. పచ్చగానే వస్తోంది, కానీ నాలుగు సెకన్లు. లోపల ఎవరో ఏదో చెయ్యకపోతే అంత ఆలస్యం ఎందుకవుతుంది? ఇలాంటి ప్రోగ్రాములు అమ్ముకునే కంపెనీలు లేకపోలేదు. వాళ్ళ మనిషే ఇలా లోపలికి దూరి రేపు అందరిముందూ మన పరువు తీస్తే?

ఇదే సంగతి ఇంట్లో చెబితే మొగుడు నవ్వాడు. ఇలాగే పోతే వచ్చేవారం పాలవాణ్ణి కూడా అనుమానిస్తావన్నాడు. ఆ మాటకి ఆమెకి ఒళ్ళు మండి రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. మాస్టారైతే నవ్వరని ఆమె నమ్మకం.

మాస్టారు నవ్వలేదు. అక్కడే ఆమెకి మొదటి తేడా తగిలింది. ఆయన ఇలాంటివి వింటే ముందు నవ్వి, తర్వాత వరసగా ప్రశ్నలేసి, చివరికి ఎదుటివాళ్ళ చెవి మెలిపెట్టినంత పనిచేసే మనిషి. ఇవాళ మాత్రం ఆమె ఇచ్చిన కాగితం అందుకుని, మడతలు విప్పి, చదివి, మళ్ళీ అవే మడతలు పెట్టారు. రేపటి పని గడిచిపోనీ, ఆ తర్వాత చూద్దాం, ఇప్పుడు ఎవరినో పంపించేస్తే మిగతావాళ్ళు కంగారుపడతారు అంటూ నీళ్ళు నమిలారు. పెన్ను జేబులోనే ఉంది. చెయ్యి అటు వెళ్ళలేదు.

ఆమె అనుమానం ముంగి మీదనుంచి కొంచెం జరిగింది. ముంగి ఈయనకి తెలిసినవాడేమో. పాత శిష్యుడో, దూరపు చుట్టమో అయ్యుంటాడు, అందుకే వెనకేసుకొస్తున్నారు. ఆ మాటే అడిగేసింది. తనకీ ఆ మనిషి ఎవరో తెలియదని మాస్టారు చెప్పారు. అబద్ధంలా అనిపించలేదు. కానీ చెబుతున్నంతసేపూ ఆయన చూపు ఆ బోర్లించిన కట్ట మీదే ఉంది.

సరే, అయితే మార్పుల చిట్టా తెరుద్దాం అంది ఆమె. ఆ చిట్టాలో ఆరేళ్లుగా ఎవరు ఏ రోజు ఏ ముక్క మార్చారో, ఎవరు చూశారో అన్నీ ఉంటాయి. దాన్ని ఎవరూ చెరపలేరు. మూడు రోజులుగా ముంగి చేసిన మార్పులన్నీ వెతికింది గానీ ఏమీ దొరకలేదు. మిగతావాళ్ళవి చూడాలని మాత్రం తోచలేదు. కంప్యూటర్ ఇవాళ మందకొడిగా ఉందనీ, చిట్టా తెరుచుకోవడానికి చాలాసేపు పడుతుందనీ, కాఫీ తాగాక చూద్దామనీ మాస్టారు గొణిగారు. ఆమె అప్పటికే స్టూలు లాక్కుని కూర్చుంది. తేదీ ఎనిమిది వారాలు వెనక్కి జరిపింది. చిట్టా వెంటనే తెరుచుకుంది.

గురువారం. ఆ రోజు మొత్తం ఒక్కటే మార్పు, నాలుగు వరసలు. చదవడానికి అరనిమిషం పట్టలేదు. ఏ టెస్టయినా ఎర్రబడితే ఎవరికీ చెప్పకుండా ఇంకోసారి నడుపు. మళ్ళీ ఎర్రబడితే మూడోసారి నడుపు. మూడిట్లో ఏ ఒక్కటి పచ్చగా వచ్చినా పచ్చ గుర్తే చూపించు. ముందు వచ్చిన ఎరుపులు ఎక్కడా రాయకు.

అంటే జలుబు తగ్గలేదు. తుమ్మినప్పుడల్లా నోటికి ఎవరో గుడ్డ అడ్డం పెట్టారు. ఆ నాలుగు సెకన్లు ఎందుకయ్యాయో కూడా ఇప్పుడు అర్థమైంది. రెండుసార్లు నడిస్తే నాలుగవుతాయి మరి.

మార్పు చేసినవారి దగ్గర మాస్టారి పేరుంది. ఆమె దాన్ని రెండోసారి చదివింది. తర్వాత కిందికి చూసింది. "చూశాను" అన్న మాట, దాని పక్కన తన పేరు.

ఆ గురువారం ఆమెకి బాగా గుర్తుంది. ఆసుపత్రిలో మందుల అల్మారాలన్నీ దింపి గడువు తేదీలు సరిచూస్తున్నారు. ఒక చేతిలో ఇంజెక్షన్ల పెట్టె, ఇంకో చేతిలో ఫోను. తెరమీద మాస్టారి పేరు కనబడింది. మాస్టారిదే కదా అని వేలితో నొక్కేసి ఫోను కోటు జేబులో వేసుకుంది. మందుల కౌంటర్ దగ్గర రెండోసారి చూడకుండా ఒక్క మాత్రల అట్ట కూడా చెయ్యి దాటనివ్వని మనిషి ఆమె. కిందివాళ్ళు విసుక్కుంటారని తెలిసినా పట్టించుకోదు. అలాంటిది ఇక్కడ చదవకుండానే చూశానని రాసింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ వెనకే కోపం వచ్చింది. తనమీదా, ఆయనమీదా సమానంగా వచ్చింది.

"ఇది మీరా మాస్టారూ?"

మాస్టారు కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచారు. తుడిచినవే మళ్ళీ తుడిచారు.

"ముప్ఫై ఏళ్లు పిల్లలకి నేర్పింది అదే కదమ్మా. మూడు రీడింగులు తీసుకోండి, తేడాగా వచ్చినదాన్ని కొట్టెయ్యండి అని. నేనూ అదే చేశాను."

"ల్యాబులో కొట్టేసిన రీడింగు నోట్‌బుక్కులో కనిపిస్తుంది మాస్టారూ. అడ్డగీత కింద అంకె ఉంటుంది. రబ్బరుతో చెరిపితే మీరే కదా మార్కులు తీసేసేవారు."

చెప్పుకోవడానికి ఆయన దగ్గర ఒక కథ ఉంది, అది చెప్పారు. ఏడాదిలో పదకొండుమంది మానేశారు. అందరూ మంచి పనివాళ్ళే. ఎవరో పాపం ఆఫీసు నుంచి వచ్చి, పిల్లల్ని పడుకోబెట్టి, రెండు గంటలు కూర్చుని ఏదో బాగుచేస్తారు. ఏ సంబంధం లేని టెస్టు తుమ్ముతుంది, ఎర్ర గుర్తు పడుతుంది, వాళ్ళ పని గుమ్మం బయటే ఆగిపోతుంది. ఇలా నాలుగుసార్లు జరిగితే ఐదోసారి ఎవరొస్తారు? ఆరేళ్ల పని కళ్లముందే కరిగిపోతుంటే చూడలేకపోయాను, నలుగురూ మళ్ళీ వస్తారని చేశాను అన్నారు. నిజంగానే వచ్చారు కూడా. పచ్చ గుర్తులు చూసి అందరూ సంబరపడ్డారు. ఈ వార్డు ఒప్పుకున్నదీ ఆ పచ్చ గుర్తులు చూసే.

ఆయన మొహం చూస్తే ఆమెకి జాలి కలిగింది. అది అణుచుకుని, ఆ బోర్లించిన కట్ట ఏమిటని అడిగింది.

మాస్టారు కళ్లద్దాల పెట్టె పక్కకి జరిపి కట్టను ఆమె వైపు తోశారు. మొన్న గురువారం ముంగి పంపాడనీ, అచ్చు తీసుకుని అప్పట్నుంచీ చదువుతున్నాననీ చెప్పారు. ముంగి మీద సంతకం పెట్టలేనిది ఎందుకో అది చదివితే తెలుస్తుందన్నారు.

మొదటి పేజీ పైన ముంగి పెట్టిన శీర్షికను ఆమె గుర్తుపట్టింది. ఈ పట్టిక తనకీ వచ్చింది. ముంగి అంతకుముందు కూడా రెండుసార్లు రాశాడు, ఆ టెస్టు విషయం ఒకసారి చూడమని. రెండుసార్లూ "తుమ్ము, మళ్ళీ నడపండి" అని ఒక్క ముక్క రాసి మూసేసింది తనే. మూడోసారి ఈ పట్టిక జతచేసి పంపితే, ఎవడో తెలియనివాడు పంపినది తెరవకూడదని తెరవనే లేదు. అప్పటికి వాడు ఆమె దృష్టిలో దొంగ.

పట్టికలో రోజులు, గంటలు, అన్నీ వరసగా ఉన్నాయి. ముంగి ప్రోగ్రాంను తన కంప్యూటర్లోకి దించుకుని, మాస్టారు పెట్టిన ఆ నాలుగు వరసలూ తీసేసి, ఆ టెస్టును నాలుగువందల పన్నెండుసార్లు నడిపాడు. పదమూడుసార్లు ఎర్రబడింది. ఆ పదమూడూ ఒకదాని కింద ఒకటి రాశాడు.

ఆ టెస్టు పెట్టే చిక్కు చిన్నదే. ఒకే పాప చీటీని ఇద్దరు నర్సులు రెండు చోట్ల ఒకేసారి తెరిచారనుకోండి. ఒకామె పాప బరువు పన్నెండు కొట్టేసి, కొత్తగా తూచిన పద్నాలుగు వేసింది. రెండో ఆమె బరువు జోలికి పోలేదు, జ్వరం మాత్రం రాసి సేవ్ చేసింది. చివరికి చీటీలో ఏ బరువుండాలి? పద్నాలుగే ఉండాలి. ఎర్రబడిన పదమూడుసార్లూ అందులో పన్నెండే ఉంది. రెండో నర్సు తన తెరమీదున్న పాత చీటీని సేవ్ చేసినప్పుడు పాత బరువు కూడా దాంతోపాటు వెనక్కి వచ్చి కూర్చుంది. క్షణంలో పదోవంతు అటూ ఇటూ అయితే అలా జరగదు. అందుకే మిగతా మూడువందల తొంభై తొమ్మిదిసార్లూ జవాబు బాగానే వచ్చింది.

"తుమ్ము అయితే ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా ఉండాలి కదా మాస్టారూ. పదమూడుసార్లూ ఒకే తప్పు ఎలా వస్తుంది?"

మాస్టారు చివరి పేజీ తిప్పి చూపించారు. ముంగి తన జన్మలో రాసిన అతి పొడుగు ఉత్తరం అదే కాబోలు, మూడు వాక్యాలుంది. టెస్టు బాగానే ఉంది. తుమ్ముతున్నది ప్రోగ్రాం. దీన్ని ఎవరైనా నిజంగా పిల్లల మీద వాడుతున్నారా?

ఫార్మసిస్టు తను తెచ్చిన కాగితాన్ని బల్లమీదనుంచి తీసుకుని సంచిలో కుక్కింది. ఎనిమిది వారాలుగా ఒక మనిషిని దొంగలా చూసింది. వాడేమో ఒంటిగంటకి, అన్నం తినే వేళ కాబోలు, కూర్చుని తమ తప్పు లెక్కపెడుతున్నాడు. క్షమాపణ తర్వాత చెప్పుకోవచ్చు. ముందు రేపటి సంగతి తేలాలి.

మాస్టారు బతిమాలారు. ఇంకా పద్దెనిమిది గంటల టైముంది, ముంగినీ కూర్చోబెట్టి తప్పు దిద్దేద్దాం, రేపు ఆపితే ఆ ఆసుపత్రి మళ్ళీ మన మొహం చూడదు, మిగతా ఆసుపత్రులకీ తెలిసిపోతుంది అన్నారు. అప్పటికీ ఆమె కదలకపోయేసరికి, అంతగా అయితే తన పేరు చెప్పేసెయ్యమన్నారు.

"కింద నా పేరు కూడా ఉంది మాస్టారూ. చదవకుండా చూశానన్నది నేనే. అక్కకి నేనే చెబుతాను."

చెప్పడం ఎంత కష్టమో ఆమెకి తెలుసు. అక్క పంతం గల మనిషి. చెల్లెలి మాట మీద పెద్ద డాక్టరుతో మొహం మీదే వాదించింది. ఇప్పుడు ఆయన దగ్గరికే వెళ్లి వద్దండీ అనాలంటే ఆ అక్కకి తల కొట్టేసినట్టుంటుంది. ఇక జన్మలో చెల్లెలి మాట నమ్ముతుందో లేదో. అయినా చెప్పాల్సిందే. ఫోను తీసింది. నంబరు నొక్కేలోపే ఫోను మోగింది. అక్కే.

వెనకాల వార్డు చప్పుళ్లు వినబడుతున్నాయి, ఎవరో చంటిది ఏడుస్తోంది. అక్క గొంతు మాత్రం పనిలో ఉన్నప్పుడు ఎలా ఉంటుందో అలాగే, తొణక్కుండా ఉంది. తొమ్మిదో మంచం పాప గురించి ఒక చిన్న సందేహం అంది. పొద్దున చేర్చుకున్నప్పుడు తూకం ఖాళీ లేక, వాళ్ళమ్మ చెప్పిన బరువు వేశారట, పదకొండు కిలోలు. తర్వాత నర్సు తూచి, ఎనిమిది అని దిద్దిందట. దిద్దానని ఒట్టేసి చెబుతోందట. ఇప్పుడు చూస్తే తెరమీద మళ్ళీ పదకొండే ఉంది. డ్రిప్ పదకొండు లెక్కనే నడుస్తోంది.

"కాగితం చూడక్కా. కాగితం మీద ఎంతుంది?"

"కాగితమెక్కడిదే? పొద్దుట్నుంచే ఆపేశాంగా. నిన్న నువ్వే అన్నావు, అన్నీ పచ్చగా ఉన్నాయని. ఇంక రేపటిదాకా ఎందుకులే అనుకున్నా."

మాస్టారు ఏమైందని కళ్ళతోనే అడిగారు. ఆగమని ఆమె చెయ్యి చూపింది. ఆ డ్రిప్ ఆపెయ్యమనీ, ఇప్పుడే, ఈ క్షణమే ఆపి పాపని మళ్ళీ తూచమనీ అక్కకి చెప్పింది. అటువైపు అక్క ఎవరికో గట్టిగా పురమాయించడం, పరుగెత్తే చెప్పుల చప్పుడు వినబడ్డాయి. తర్వాత అక్క మళ్ళీ లైన్లోకి వచ్చింది. ఈసారి ఆ గొంతులో ఇందాకటి తొణకనితనం లేదు. ముప్ఫై ఏళ్లుగా పనిచేస్తున్న నర్సుకి కంప్యూటర్ తెలియకపోవచ్చు గానీ, లెక్క తెలియదా.

"పొద్దుట్నుంచీ ఇక్కడ చాలామంది బరువులు దిద్దాం. వాటిలో ఎన్ని వెనక్కి పోయాయో నాకేం తెలుస్తుంది? డ్రిప్ ఆపితే కొందరు పిల్లలు నిలవరు. నువ్వే చెప్పు, ఈ ఒక్కదానిదే ఆపమంటావా, ఇరవై రెండూ ఆపమంటావా?"